పసుపు వైరు

డాష్‌బోర్డులోంచి స్టీరియోని బయటికి లాగగానే కాశింకి విషయం అర్థమైపోయింది. వెనక నల్ల టేపు చుట్టిన ప్రతి జాయింటు దగ్గరా టేపు చివర చిన్న మడత ఉంది. తర్వాత పని చేసేవాడు గోళ్లు అరగదీసుకోకుండా విప్పుకోవడానికి పెట్టే మడత అది. ఆటోనగర్ మొత్తంలో అంత ఓపిక కాశిం ఒక్కడికే ఉంది. అతని దగ్గరే పని నేర్చుకుని, పోయిన రంజాన్‌కి ముందు గొడవపడి వెళ్లిపోయిన కొడుకు అమన్ రెండోవాడు.

"ఎక్కడ వేయించారండీ ఇది?" తెలిసే అడిగాడు.

"మా కంకిపాడులోనేనండి. సెంటర్లో కొత్తగా షాపు పెట్టాడు, అమన్ అని," అన్నాడు కారు పక్కన నిలబడ్డ అంతోని. "పాట బాగానే వస్తోంది గానీ, తాళం తీస్తే చాలు, పెట్టుకున్న స్టేషన్లన్నీ ఎగిరిపోతున్నాయి. ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది కూడా."

కాశింకి లోలోపల భలే సంతోషం వేసింది. నీ చాదస్తం నాకొద్దు, నా షాపు నేను పెట్టుకుంటానని వెళ్లిన మొనగాడి పని తిరిగి తిరిగి తన గుమ్మంలోకే వచ్చింది. ఇంటికెళ్లగానే భార్య జమీలాకి చెప్పాలి, నీ ముద్దుల కొడుకు నిర్వాకం ఇదీ అని.

ముందు ఎర్తు చూశాడు. కింద రంగు గీకి మరీ బిగించి ఉంది. ఫ్యూజు బాగుంది. వెధవ పని శుభ్రంగానే చేశాడు అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనే చిరాకుపడ్డాడు. ఇక మిగిలింది పసుపు వైరు. స్టీరియోకి వచ్చే వైర్లలో అదొక్కదానికీ తాళం తీసేసినా కరెంటు ఉండాలి. స్టేషన్లు గుర్తుండేది దానివల్లే. తాళంతో పాటే అదీ చచ్చిపోతోందంటే దాన్ని తప్పు చోట కలిపాడన్నమాట. వైరు వెంట వేళ్లు పోనిస్తే అది స్టీరింగు కిందికి దారితీసింది.

ముందు సీట్లో అంతోని భార్య ఎలిజబెత్ పాపని ఒళ్లో వేసుకుని కూర్చుంది. పిల్ల అప్పుడే నిద్రపోయింది. బయట మే నెల ఎండ మండిపోతుంటే, ఏసీ కోసం ఇంజన్ ఆపలేదు. బండిలోంచి మనుషుల్ని దింపడం కాశింకీ అలవాటు లేదు. ఇండికేటరు బల్బుకి రెండు వైర్లు అతికించి, ఒకదానికి క్లిప్పు, రెండోదానికి సూది బిగించి పెట్టుకున్నాడు. క్లిప్పు బాడీకి తగిలించి, సూదిని వైరులో గుచ్చితే కరెంటు ఎక్కడుందో బల్బు చెప్పేస్తుంది. టేపు విప్పకుండా పైనుంచే గుచ్చేస్తాడు ఎప్పుడూ.

స్టీరింగు కింద తల దూర్చి సూది ఎత్తాడు. జాయింటు మీద అక్కడా మడత కనిపించింది. కొడుకు చేసిన తప్పు కళ్లారా చూడాలనిపించి, గుచ్చడం మాని ఆ మడత పట్టుకుని టేపు విప్పాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. అమన్ వైరు కలిపింది పసుపు గొట్టం తొడిగిన వైర్ల గుత్తిలో. అవి ఎయిర్‌బ్యాగు వైర్లు. ఆ గుత్తిలో సూది తగలరాని చోట తగిలితే, బల్బు గుండా పోయే కాస్త కరెంటు చాలు, స్టీరింగులో, డాష్‌బోర్డులో ఉన్న గాలి సంచులు పేలి బయటికి దూకడానికి. తన మొహం స్టీరింగు కింద ఉంది. పాప తల డాష్‌బోర్డుకి జానెడు దూరంలో ఉంది.

సూదిని మెల్లగా వెనక్కి తీసుకుని, క్లిప్పు ఊడదీసి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"అమ్మా, పాపని తీసుకుని దిగండి."

"ఇప్పుడే పడుకుందండీ. ఈ ఎండలో లేస్తే ఇక ఊరుకోదు," అంది ఎలిజబెత్.

"ఏడిస్తే ఏడవనివ్వండమ్మా. దిగండి." అతను బయటికొచ్చి, తనే అటువైపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె పాపని ఎత్తుకుని దిగింది.

కాశిం ఇంజన్ ఆపించి, బోనెట్ ఎత్తి బ్యాటరీ నెగెటివ్ ఊడదీశాడు. "స్టీరియోకి ఇంత కథేంటండీ?" అన్నాడు అంతోని. కాశిం సంగతంతా చెప్పాడు. వింటూ వింటూ అంతోని వెళ్లి పాప వీపు మీద చెయ్యి వేశాడు.

"అందుకేనా మీటర్లో ఎర్ర లైటు వెలుగుతోంది? బెల్టు లైటేమో అనుకున్నామండీ," అని, ఇంకేదో గుర్తొచ్చి ఆగాడు. "మా తమ్ముడు డేనియల్‌ది కూడా ఇదే బండి. అమన్ దగ్గరే వేయించాడు, అదే కంప్లైంటు. పొద్దున్నే బండి తీసుకెళ్లి అక్కడే ఇచ్చాడు."

కాశిం ఫోను కోసం జేబు తడుముకున్నాడు. పసుపు కనిపిస్తే కళ్లు మూసుకుని కలిపెయ్‌రా అని అమన్‌కి నేర్పింది తనే. అప్పట్లో తన దగ్గరికి వచ్చే పాత బండ్లలో ఎయిర్‌బ్యాగులు లేవు. కొత్తవి వచ్చాక ఆ గొట్టాల జోలికి పోకుండా తను తప్పుకుంటున్నాడు గానీ, కొడుక్కి చెప్పలేదు. వాడికే తెలుస్తుందిలే అనుకున్నాడు.

ఫోను తీసి కొట్టాడు. మోగింది, కట్టయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ కట్టయింది.

"మీ ఫోనివ్వండి," అన్నాడు అంతోనితో. "నాది వాడు ఎత్తడు. వాడు నా కొడుకు."

అంతోని నంబరు నొక్కి ఇచ్చాడు. చాలాసేపు మోగుతూనే ఉంది. వాడు ఎత్తలేక ఎత్తడం లేదేమోనని కాశిం భయపడ్డాడు.

"చెప్పండి అంతోని గారూ," అంది ఫోను చివరికి.

"అమన్, నేనురా. పెట్టెయ్యకు. ఎక్కడున్నావు?"

"పనిలో ఉన్నా. స్టీరింగు కింద."

"చేతిలో బల్బుందా?"

"ఉంది. ఏం?"

"ఏమీ గుచ్చకు. క్లిప్పు తీసెయ్. మెల్లగా తల బయటికి తియ్యి."

"పసుపు వైరే కదా, నువ్వు నేర్పినట్టేగా చేస్తున్నా."

"నేను నేర్పింది తప్పురా. అది ఎయిర్‌బ్యాగుది. నీకు దండం పెడతాను, బయటికి రా నాయనా."

బల్బు నేల మీద పెట్టిన చప్పుడు, తర్వాత కారు తలుపు చప్పుడు వినిపించాయి. "వచ్చాను," అన్నాడు అమన్. కాశిం అక్కడే ఉన్న టైరు మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే అంతోని చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

"నువ్వు గుచ్చావా?" అమన్ గొంతు మారింది. "నీకేం కాలేదు కదా?"

"లేదురా. టేపు మడత పెట్టావుగా, విప్పి చూశాను. లేకపోతే పైనుంచే గుచ్చేసేవాణ్ణి."

"అదీ నువ్వు నేర్పిందేగా," అన్నాడు అమన్.

"బ్యాటరీ నెగెటివ్ తీసి దూరంగా కూర్చో," అన్నాడు కాశిం. "ఈ బండి పని చూసి వస్తున్నా. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు."

"సరే," అన్నాడు అమన్. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.