అనసూర్య మునగ చెట్టు

రాజలింగు బొగ్గు బాయి పని నుంచి వచ్చేసరికి నీళ్ళు కాగి ఉండాలి. కాగినవి బకెట్లలో తోడి ఉండాలి. పక్కన సబ్బు, తువ్వాల ఉండాలి. ఎనభై మూడులో నస్పూర్ కాలనీ క్వార్టర్‌కు కాపురానికి వచ్చిన మొదటి రోజే అత్త కిష్టవ్వ నేర్పిన పాఠం ఇది. అనసూర్య ఏనాడూ తప్పలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక మాత్రం, బకెట్ ఎత్తితే కళ్ళు బైర్లు కమ్మి తలుపు పట్టుకుని నిలబడిపోయేది.

దవాఖానలో డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం బొత్తిగా లేదంది. ఆకుకూరలు బాగా తినమంది, మునగాకైతే మరీ మంచిదంది. ఆ మాట ఇంట్లో చెబితే రాజలింగు నవ్వాడు.

"ఇంట్ల కూసునేదానికి రగతమెందుకు తక్కువైతది?"

కూర్చోవడమట! బొగ్గు పెళ్ళలు పగలగొట్టి పొయ్యి రాజేసేది ఎవరు? మసి పట్టిన అతని బట్టలు బండకేసి బాదేది ఎవరు? ఈ ప్రశ్నలన్నీ నోటిదాకా వచ్చి అలవాటుగా లోపలికే పోయాయి. కానీ హుస్నాబాద్ దగ్గరి తల్లిగారింటికి పోయినప్పుడు, అవ్వ పెరట్లోని మునగ కొమ్మ ఒకటి తడి గోనెలో చుట్టి బస్సులో తెచ్చుకుంది. క్వార్టర్ ముందర నాటి, అవ్వ చేసినట్టే రోజూ పొయ్యి బూడిద మొదట్లో పోసింది. చిగురు వచ్చినట్టే వచ్చి మాడిపోయింది. నీ చేతిల ఏం బతుకుతదని రాజలింగు అంటే ఏడ్చింది కూడా. తర్వాత ఒకరోజు బూడిద పారబోయడానికి వెళ్ళి, వాడంతా కుప్పపోసే ఆ చోట గడ్డిపోచైనా లేదని గమనించి నెత్తి కొట్టుకుంది. అవ్వ పోసేది కట్టెల బూడిద. తను పోసింది బొగ్గు బూడిద. తన చేతిలో దోషమేమీ లేదు.

రెండో కొమ్మకు బియ్యం కడిగిన నీళ్ళే పోసింది. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప పెట్టింది. గొంగళి పురుగులు పడితే చీర ఎగదోపుకుని చీపురుతో దులిపింది. రెండు వానాకాలాలకు చెట్టు కప్పును దాటింది. వాడలో అందరూ దాన్ని రాజలింగు మునగ అనేవారు. అతను ఒక్క చెంబు నీళ్ళైనా పోసిన పాపాన పోలేదు.

మునగాకు పప్పు రుచి మాత్రం అతనికి బాగానే పట్టింది. బాయిల దిగే మనిషికి ఇంకో గరిటె వెయ్యమనేది కిష్టవ్వ. తర్వాత పిల్లలు. ఆఖరున అత్తాకోడళ్ళిద్దరూ చల్లారిన మెతుకులు పంచుకునేవారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేది తనే, అయినా కడబంతికి మిగిలేది గిన్నె అడుగే.

మళ్ళీ దవాఖానకు పోతే డాక్టరమ్మ రెప్ప లాగి చూసి, మునగాకు దొరకడం లేదా అని అడిగింది. ఇంటి ముందే చెట్టుందని చెప్పబోయి సిగ్గుతో ఆగిపోయింది అనసూర్య. దారి పొడుగునా తన మీద తనకే కోపం వచ్చింది. చెట్టుకు ఏం పోస్తే బతుకుతుందో కనిపెట్టిన మనిషి, తన కంచం సంగతి ఇన్నాళ్ళూ ఆలోచించనే లేదు.

మర్నాడు పిల్లలు బడిలో ఉన్నారు. పప్పు దించగానే, అన్నం ఇంకా పొగలు కక్కుతుండగానే, రెండు కంచాలు పెట్టింది. కిష్టవ్వ కంగారుపడింది.

"ఆడింక రాలే గదనే."

"వస్తడు తీ, అత్తా. జర నువ్వు కూసో."

కిష్టవ్వ గుమ్మం వైపు చూసింది, పప్పు వైపు చూసింది, చివరికి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది.

"పెండ్లయినంక ఉడుకుడుకు బువ్వ తినుడు గిదే మొదలే."

బయట సైకిల్ స్టాండు చప్పుడైంది. అలవాటు కొద్దీ అనసూర్య లేవబోయింది. అత్త ఎంగిలి కాని చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. రాజలింగు గుమ్మంలో నిలబడి ఖాళీ బకెట్‌నూ, రెండు కంచాలనూ చూశాడు.

అనసూర్య ఇంకో ముద్ద కలుపుకుంది.

"నీళ్ళు కాగినయ్," అంది. "తోడుకో."