తిరగేసిన బొమ్మ

కిమోనో లోపల తొడిగే అంగీకి తెల్లటి మెడపట్టీ కుడుతోంది చిజురు. కట్టుకున్న ప్రతిసారీ దాన్ని ఊడదీయాలి, ఉతకాలి, మళ్ళీ కుట్టాలి. "కెమెరాకి మరక ఇట్టే దొరికిపోతుంది" అంటాడు భర్త తోమొహిరో. దొరికేది కెమెరాకి, ఉతికేది ఆమె. ఇవాళ ఆయన ఫోటోల ప్రదర్శన మొదలు. తమ ఊరు కనజావాలో పాతా కొత్తా ఎలా కలిసి బతుకుతున్నాయో చూపిస్తాడట. ఆ పాత అంతా చిజురే. కదిలే మెట్ల మీద కిమోనోతో నిలబడింది, నాణేలు వేసి బట్టలుతుక్కునే మిషన్ల ముందు కూర్చుంది, మంచులో రైలు గేటు దగ్గర కాళ్ళు కొంకర్లు పోయేదాకా ఆగింది. అన్నిట్లోనూ మెడ దాకానే. "ముఖం పెడితే అది నువ్వవుతావు. నాకు కావలసింది జపాన్ స్త్రీ" అన్నాడు మొదట్లోనే. ఆ మాటకి అప్పుడు మురిసిపోయింది కూడా, వెర్రిబాగుల్ది.

ఇంతకీ ఆయన తన పెళ్ళికే సూటు వేసుకున్న మనిషి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కిమోనో ఒంటికి తగిలించుకున్న పాపాన పోలేదు.

కొన్నాళ్ళుగా ఆమె మనసు మనసులో లేదు. సిటీ బస్సులు నడపడానికి ఆడవాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. పెద్ద బండి శిక్షణ కూడా వాళ్ళే ఇస్తారు. సోమవారం నుంచి రమ్మన్నారు, సంగతేదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నారు. నిన్న ఆ మాట ఎత్తితే తోమొహిరో కాఫీ తాగుతూ నవ్వాడు. "టోపీ పెట్టుకుని ఊరంతా బస్సు తిప్పుతావా? మరి నా ఫోటోలకి ఎవరు నిలబడతారు?" అత్తగారు పక్క నుంచి అందుకుంది. "వాడి పేరు వెలుగుతుంటే నీకెందుకమ్మా ఈ తిప్పలు?" చిజురు గిన్నెలు కడగడానికి లేచింది. కడిగినంత సేపూ చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే ఉన్నాయి. నాకూ ఒక పని కావాలి, నా పేరు రాసున్న పని. అది అంత అత్యాశా?

మధ్యాహ్నం ప్రదర్శన హాల్లో టీ అందించే పని కూడా ఆమెదే. కిమోనోలో పళ్ళెం పట్టుకుని తిరుగుతూ గోడ నిండా ఉన్న ఫోటో ముందు ఆగింది. రైలు గేటు, గీతలా సాగిపోతున్న రైలు, ముందు తను. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. అత్తగారు పక్కకి వచ్చి గొంతు తగ్గించింది.

"ఏమే, ఇదేం కట్టుకోవడం? ఎవరైనా పోయారా?"

అప్పుడు కనిపించింది. బతికున్నవాళ్ళకి కిమోనో ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. కుడి అంచు పైకి కట్టేది శవానికి. ఫోటోలో ఉన్నది శవం. ఆ రోజు రైలు పోయింది ఎడమ వైపుకి. కుడి వైపుకి పోతే బాగుంటుందని ఆయన కంప్యూటర్లో బొమ్మని కుడి ఎడమలు మారేలా తిరగేశాడు. రైలుతో పాటు ఆమె కూడా తిరగబడింది. పెళ్ళాన్ని శవంలా కట్టి గోడకి వేలాడదీసి కూడా ఆయన గమనించలేదు. చిజురుకి ఒళ్ళు మండింది.

ఇంతలో ఒక పెద్దాయన ఫోటో దగ్గరికి వచ్చి అడగనే అడిగాడు. "ఏం బాబూ, ఈవిడ ఇలా కట్టుకుందేమిటి?"

తోమొహిరో ముఖంలో రంగు మారింది. వెంటనే నవ్వేశాడు. "మా ఆవిడ హడావుడిలో చుట్టేసుకుందండీ. ఈ కాలం ఆడవాళ్ళు కదా, కట్టుకోవడం కూడా సరిగ్గా రాదు."

అందరూ నవ్వారు. ఇన్నేళ్ళ ఫోటోల్లో కనపడని ఆమె ముఖాన్ని ఇప్పుడు తిరిగి చూశారు, తప్పు చేసిన ముఖంగా. అమ్మమ్మ నేర్పిన నాటి నుంచి కళ్ళు మూసుకుని కట్టుకోగలదు తను. అయినా ఆమె నడుము అలవాటు కొద్దీ క్షమాపణగా వంగింది. ఆయన అబద్ధం కన్నా ఆ వంగడమే ఆమెని ఎక్కువ బాధించింది.

పళ్ళెం బల్ల మీద పెట్టి వెనక గదిలోకి వెళ్ళింది. కిమోనో విప్పి, ప్యాంటూ చొక్కా వేసుకుని, విప్పిన దాన్ని మడత పెడుతుంటే తోమొహిరో తలుపు తోసుకుని వచ్చాడు.

"అంతమందిలో నా పరువు పోకూడదు కదా, ఏదో అనేశాను. అదేమీ మనసులో పెట్టుకోకు. రేపు పొద్దున్నే గేటు దగ్గర మళ్ళీ తీద్దాం. నువ్వెందుకు విప్పేశావు? బయట టీ అడుగుతున్నారు."

చిజురు మడత పూర్తిచేసి కిమోనోని ఆయన చేతుల్లో పెట్టింది. "రేపు మీరే కట్టుకోండి" అంది. ఆయన నోరు తెరిచేలోగా సంచిలోంచి ఫోను తీసి బస్సు డిపోకి కలిపింది.

"నమస్కారమండీ, చిజురుని. సోమవారం వస్తున్నాను." ఇంట్లో ఏమన్నారని అవతలి మనిషి అడిగాడు. "వస్తున్నానని ఇంట్లో ఇంకా చెప్పలేదండీ" అంది, తోమొహిరో కళ్ళలోకి చూస్తూ. "ఆయన ఇక్కడే ఉన్నారు. వింటున్నారు."