తొందరగా ఆరిపోయిన పొడి

నేను ఒక చిన్న సీసాలో ఉన్న తెల్లపొడిని. పగలు చూస్తే ముగ్గుపిండి అనుకుంటారు. చీకట్లో మాత్రం ఆకుపచ్చగా వెలుగుతాను, కాసేపు. నేను ఇంకాసేపు వెలిగి ఉంటే ఒక మనిషి బతుకు వేరేగా ఉండేది.

నన్ను వండింది ఉరుకుందమ్మ. ఆదోని నుంచి వచ్చి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేది. నిజానికి ఆమె పని వండటం కాదు, లెక్క. నాలాంటి పొడి దీపం కింద వెలుతురు తాగుతుందండీ. అందులో కొంత లోపలి గుంటల్లో చిక్కుకుపోతుంది. దీపం తీసేశాక మెల్లమెల్లగా బయటికొస్తుంది. మీకు కనిపించే వెలుగు అదే. ఏ గుంట ఎంత లోతో, ఆ వెలుగు ఎంతసేపు నిలుస్తుందో నేను పుట్టకముందే ఆమె లెక్క కట్టింది. ఎవరి దగ్గరా చూసి రాసింది కాదు, సొంత లెక్క. దాని ప్రకారం నేను గంటలకొద్దీ వెలగాలి.

నన్ను ఫర్నేసులో పెట్టిన రోజు ఆయుధపూజ. ఫర్నేసుకు బొట్లు, కంప్యూటర్‌కు బొట్లు, ఫ్యాను స్విచ్చుకు కూడా బొట్టే. ఉరుకుందమ్మ నేనున్న గిన్నె మూతకు కూడా కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది.

"అక్కా, దానికి గూడా బొట్టా? పెండ్లిచూపులకు తోల్కపోతాండావా?" అన్నాడు ఆమె జూనియర్ గిడ్డయ్య.

"మూసుకోరా నువ్వు. నా లెక్క నిలబడాలని మొక్కుకుంటాండా."

ఆ నవ్వుల్లో మూత కాస్త జరిగింది. కుంకుమ నాలో రాలింది. ఎవరూ చూడలేదు. సంతలో కొన్న కుంకుమ అది, ఎర్రమట్టి కలిపింది. మట్టిలో ఇనుముంటుంది. రవ్వంత ఇనుము చాలు, మా వెలుగును మింగేయడానికి.

నా వెలుగు కొలిచిన రోజు నేను తొందరగా ఆరిపోయాను. ఆమె మళ్లీ దీపం పెట్టింది. మళ్లీ ఆరిపోయాను. కొలిచే యంత్రం అద్దం తుడిచింది, వైర్లు మార్చింది, నన్నొక్కదాన్నే అనుమానించలేదు.

ఆమె గైడు నంజుండప్ప సార్ మంచివాడే. "ఏమ్మా, నీ లెక్కేమో గంటలంటాది. ఇదేమో టీ తాగేలోపల సచ్చిపాయ."

"ఇంగోసారి వండి చూస్తా సార్."

"యాడ వండుతావు? ఫర్నేసులో వేడెక్కే కాయిలు కాలిపాయె గదా. థీసిస్ ఈ నెలలోనే ఇయ్యాల. పొడి యాడన్నా అబద్ధం చెప్తాదా? లెక్క మార్చుకో."

మనుషుల్లో ఇదొక వింత. నోరున్నవాళ్లను సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు, నోరులేనిదాన్ని ఊరికే నమ్మేస్తారు. నాకు మాట వచ్చుంటే ఆ ఒక్కరోజు కోసం వాడుకునేదాన్ని.

ఆమె లెక్క మార్చింది. నేను ఎంతలో ఆరిపోయానో సరిగ్గా అంతలోనే ఆరిపోయే కొత్త లెక్క కట్టింది. పాతది కంప్యూటర్‌లోంచి తీసేసింది. డాక్టరేట్ వచ్చింది, దండలు వేశారు, లడ్లు పంచారు. తర్వాత ఆదోనిలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయింది. నేను బీరువాలో ఉండిపోయాను.

చాన్నాళ్లకు కొత్త కాయిలు వచ్చింది. గిడ్డయ్య అదే పొడి మళ్లీ వండాడు. మామూలు రోజున, బొట్టూ గిట్టూ లేకుండా. అది వెలుగుతూనే ఉంది. అతను భోజనానికి వెళ్లొచ్చినా వెలుగుతూనే ఉంది. నన్ను కూడా బీరువాలోంచి తీసి, దీపం చూపించి దాని పక్కన పెట్టాడు. నేను ఎప్పటిలాగే ఆరిపోయాను. వెంటనే ఫోను చేశాడు.

"అక్కా! నీ మొదటి లెక్కే కరెక్టు. తప్పంతా ఆ పొడిలోనే ఉండాది!"



"తీసేస్తి కదప్పా దాన్ని."

"మళ్లా కట్టక్కా. నీ తలకాయలోనే కదా పుట్టింది."

"లేదు గిడ్డయ్యా. నా లెక్కే తప్పనుకొని, కూసోని మరీ మర్సిపోయినా. ఇప్పుడు యాడ మొదలుపెట్టాలో గూడా గుర్తు రాదు." మళ్లీ తనే, "బాగా వెలుగుతాందా?" అని అడిగింది.

"చానా బాగా వెలుగుతాంది అక్కా."

"సరేప్పా. క్లాసుకు బెల్లు కొట్టినారు."

గిడ్డయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. గదిలో లైటు వేయలేదు. నా సీసాను కొత్త పొడి దగ్గరికి జరిపి, సీసా మీద ఉరుకుందమ్మ చేత్తో రాసుకున్న తన పేరును ఆ వెలుగులో చదువుతూ నిలబడ్డాడు.