గట్టుకి పూసిన మందు

బిందె మూతికి పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి కట్టింది చిన్నతల్లి. చేదలో నీళ్ళు దానిమీద పోస్తూ, గుడ్డ మీద ఏం మిగులుతుందోనని వంగి చూసింది. రెండు వేపాకులూ, ఒక చీమా. అంతే. బిందెలోకి దిగిన నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా ఉన్నాయి. ఆ తేటదనమే ఆమెకు భయం. మురికి నీళ్ళయితే ఎవరూ చూడకుండా పెరట్లో పారబొయ్యొచ్చు. తేటనీళ్ళను ఏమని పారబొయ్యాలి?

"ఏటే, నీల్లొడగట్టడానికి ఇంతసేపా? అందులో నీ మొకం సూసుకుంటన్నావేటి?" వసారాలోంచి అత్త దాలమ్మ కేకేసింది.

"అయిపోయిందత్తా."

నిజానికి అత్త అన్నమాట పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే ఆమె చూసుకుంటున్నది మొహాన్ని కాదు, తన చేతుల్ని. చీకటి విచ్చకముందే పశువుల కుడితి దగ్గర మొదలుపెట్టి, మొగుడు జగన్నాధం మొహం కడుక్కునే చెంబూ, అత్త తాగే మరచెంబూ, పాలేళ్ళ ముంతా, వచ్చేపోయేవాళ్ళ గ్లాసులూ, మూడేళ్ళ కూతురు పైడి చేతిలోని చిన్న గిన్నే, అన్నీ నింపేది ఆమే. ఆ ఇంట్లో ఎవరి గొంతులో చుక్క దిగినా చిన్నతల్లి చేతి మీదుగా దిగాల్సిందే. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. అది చాకిరీ అనుకుంది గానీ, భయం అనుకోలేదెప్పుడూ. ఇప్పుడు ఎవరైనా గ్లాసు చాపితే చాలు, ఆమె మోచేతి దగ్గర నరం లాగుతోంది.

చిన్నతల్లి ఆ ఊరి పంచాయతీకి మెంబరు కూడా. పంచాయతీలో ఒక ఆడమనిషి ఉండి తీరాలని కొత్త చట్టం వచ్చినప్పుడు సర్పంచి జగన్నాధం ఊరంతా గాలించలేదు. 'ఎవుల్నో ఎతకడమెందుకు, మా ఇంట్లో ఉన్నాది కదా ఒకర్తి' అని పెళ్ళాం పేరు రాయించేశాడు. ఆ సంగతి ఆమెకు నూతి దగ్గర తెలిసింది. "ఓలమ్మ, మెంబరుగోరు నీల్లు మోస్తన్నారే, తప్పుకోండి తప్పుకోండి!" అని అమ్మలక్కలు ఒకటే నవ్వులు. ఆమె కూడా నవ్వింది. మీటింగులు వాళ్ళ అరుగు మీదే జరిగేవి. మగ మెంబర్లు మంచాల మీద, ఆడమెంబరు తలుపు వెనక టీ గిన్నెతో. నరసింగరావు అనే మెంబరు ప్రతిసారీ ఒకే సరసం ఆడేవాడు: "మన ఆడమెంబరు నోరిప్పదు గానీ, టీ మాత్రం మా బాగా తీర్మానిస్తాది."

ఆ తలుపు వెనక నిలబడే ఆమె అంతా విన్నది.

వంశధార అవతల ఒడ్డు ఊళ్ళలో కలరా తగిలిందని కబురొచ్చింది. పంచాయతీ సమితి ఆఫీసు వాళ్ళు బ్లీచింగు పౌడరు బస్తా ఒకటి పంపి, వెంటనే నూతుల్లో కలపమన్నారు. సరిగ్గా ఆ వారమే గ్రామదేవత అసిరితల్లి సంబరానికి పందిరి రాట వేశారు. రాట పడిందంటే మళ్ళీ పందిరి విప్పేదాకా పెద్ద నూతిలో పరాయి వస్తువు పడకూడదు. అమ్మవారి ఘటాల్లోకి వెళ్ళేది ఆ నీరే. మందు వెయ్యాలని ఒకరు, వేస్తే ఊరు మిగలదని నలుగురు అరుగు మీద కేకలేసుకున్నారు. అప్పుడు జగన్నాధం చుట్ట ఆర్పి అన్నాడు:

"నూతిలో ఎయ్యొద్దు. గట్టుకి పుయ్యండి. గిలక్కర్రకి రాయండి. ఇనస్పెట్రు ముక్కుతో సూస్తాడు గానీ నూతిలోకి దూకి సూస్తాడేటి? ఇటు సర్కారుకీ కోపం రాదు, అటు తల్లికీ కోపం రాదు."

అందరూ ఘొల్లున నవ్వారు. సర్పంచి బుర్రే బుర్ర అన్నారు. మర్నాడు పంచాయతీ పనివాడు గంగులు సున్నం కుంచెతో నూతిగట్టు చుట్టూ మందు పూశాడు. ఊరంతా ఘాటు కొట్టింది. మిగిలిన మందు బస్తా సర్పంచి గారి ధాన్యం గదిలోకి చేరింది.

హెల్తు ఇనస్పెక్టరు వచ్చాడు. గట్టు దగ్గర నిలబడి గాలి పీల్చాడు, తృప్తిపడ్డాడు. తర్వాత అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, మందు బాల్చీలో చిక్కగా కలిపి, ముద్ద అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళని ఇంకో బాల్చీలోకి వంచి, దాన్ని నూతిలోకి దించి కలియబెట్టాలనీ, గంటసేపు ఎవరినీ తోడుకోనివ్వకూడదనీ చెప్పాడు.

"అలాగే చేశారా నాయుడుగారూ?" అని సర్పంచిని అడిగాడు.

"అచ్చం అలాగేనండి."

"మీ పంచాయతీలో లేడీ మెంబరు ఉన్నారటగా. ఆడవాళ్ళకి ఆవిడ చెప్తే బాగుంటుంది."

"ఇంటింటికీ తిరిగి సెప్పిందండి," అన్నాడు జగన్నాధం.

తలుపు వెనక చిన్నతల్లి ఆ అబద్ధం విన్నది. గడప దాటి ఒక్కమాట అంటే చాలు. దాటితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. సర్కారు మనిషి ముందు పరువు పోయిన మగాడు, ఆ మనిషి జీపు ఊరు దాటేదాకా మాత్రమే నవ్వుతాడు. ఆ మాట మింగేసింది. ఉడకని గింజలా అది కడుపులోనే ఉండిపోయింది.

దానికంటే ఘోరం తర్వాత జరిగింది. కలరా కబురు విన్న దగ్గర్నుంచీ భయపడి, ఏటి ఇసకలో చెలమలు తవ్వుకుని నీళ్ళు తెచ్చుకుంటున్న ఆడవాళ్ళు, ఆ ఘాటు వాసన చూసి, మందేసిన నుయ్యి కదా అని ధైర్యంగా వెనక్కి వచ్చేశారు.

చిన్నతల్లి పైడికి మాత్రం నీళ్ళు వేరే కాచి పోసేది. అదీ దొంగతనంగానే. ఒకసారి అత్త పట్టుకుంది. "గుంటకి జొరమేటి, నీల్లు కాగబెడతన్నావు? పుల్లలు మా తమ్ముడు పంపుతన్నాడేటే?" అంది. అత్త తమ్ముడంటే చిన్నతల్లి తండ్రే. మేనరికంలో ఉన్న సుఖం అదే. పుట్టింటిని తిట్టే హక్కు కూడా అత్తకు పుట్టింటి హక్కుగానే వస్తుంది.

ఆ పొద్దున వడగట్టిన బిందెకి మూత పెడుతుండగా వీధిలోంచి గంగులు గొంతు వినిపించింది.

"అమ్మా, నాయుడుగోరున్నారేటమ్మా? నూకయ్య కోడలు పోయిందమ్మా."

చిన్నతల్లి పరుగున వచ్చింది. "ఎవులు? రాములమ్మా?"

"అవునమ్మా. నిన్న పొద్దుగూకేసరికి జబ్బట్టుకుంది. ఒకటే డోకులు, బేదులు. కల్లు లోపలికి పోయేయి. నీల్లు, నీల్లు అంటానే పోయింది."

చిన్నతల్లి గుమ్మం పట్టుకుంది. నిన్న పొద్దున్నే కదా నూతి దగ్గర రాములమ్మ, చిన్నతల్లి బిందెను పైకెత్తి ఆమె చంకనెట్టింది! "ఇంక బెంగలేదొదినా," అంది. "మందేసీసేరు. నీ మొగుడు పున్నెమా అని చెలమలు తవ్వుకునే బాద తప్పింది." అప్పుడు కూడా చిన్నతల్లి ఏమీ అనలేదు. బిందె సర్దుకుని నడిచొచ్చేసింది.

జగన్నాధం చద్దన్నానికి కూర్చున్నాక, ఉల్లిపాయ వేస్తూ చెప్పింది.

"బావా, నూతిలో మందు ఎయ్యించు."

అతను తలెత్తలేదు. "రాట పడ్డాది."

"రాములమ్మ సచ్చిపోయింది."

"అందుకే ఎయ్యకూడదు." గంజి జుర్రుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఇనుకో. రాట పడ్డాక మందేస్తే, రేపు ఎవులింట పీనుగు లేసినా నా మెడకే సుట్టుకుంటాది. ఎయ్యకపోతే అమ్మోరు తీసుకెల్లిందంటారు. సర్పంచిగా నాకేది మేలో నువ్వే సెప్పు. ఇలాంటియ్యి ఆడోల్లకి తెలీవు. నీల్లొయ్యి."

ఆమె చేతికందిన చెంబు వంచింది; అందులోవి పైడి కోసం కాచి చల్లార్చిన నీళ్ళే. గ్లాసు నిండింది. అతను దాన్ని నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. వసారా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఇయ్యి కాగబెట్టినయ్యేనా?"

చిన్నతల్లి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అతనికి తెలియదనుకుంది. తెలియనివాడికి తెలిసేలా చెప్పాలని మాటలు వెతుక్కుంది. తెలియకపోవడం కాదు. అన్నీ తెలుసు. తను పొయ్యి మూల దొంగచాటుగా పెట్టే ఆ చిన్న గిన్నె సంగతి కూడా తెలుసు.

"అవును," అంది.

తాగాడు. తుండు భుజాన వేసుకుని, నూకయ్య ఇంటికి పరామర్శకు వెళ్ళాడు.

ఆ గ్లాసును ఆమె మూడుసార్లు కడిగింది. మొగుడంటే భయం ఆమెకు కొత్తకాదు. కేకకి, చేతికి, మూతి విరుపుకి, అన్నింటికీ భయపడింది. ఈ భయం వేరు. ఊరందరికీ ఒక నీళ్ళు, తనకొక నీళ్ళు పోయించుకుని అంత నింపాదిగా లేచి వెళ్ళిన మనిషి పక్కన ఇన్నేళ్ళు పడుకుంది తను. పైడి ఒక్కర్తికీ కాచి పోసి, మిగిలిన ఊరిని వదిలేసిన తనకీ అతనికీ తేడా ఎంత? కొలిస్తే ఒక గిన్నెడు.

చెయ్యి తుడుచుకుని ధాన్యం గది వైపు నడిచింది. గడపకి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చునుంది దాలమ్మ. చాటలో బియ్యం ఉన్నాయి గానీ చెరగడం లేదు.

"ఎక్కడికే?"

"మందు బస్తా కావాలత్తా. నూతిలో ఏస్తాను."

తిట్లు పడతాయని తల వంచుకుంది. పడలేదు. ముసలామె అడిగింది:

"ఏస్తే ఏటవుతాది?"

"జబ్బు రాదంట."

"రాదా." దాలమ్మ చాటని పక్కన పెట్టింది. "మందేస్తే రాదంటే ఏటన్నమాటే? నీల్లలోనే ఉన్నాదన్నమాట. అంతేనా?"

చిన్నతల్లి అవునన్నట్టు తలూపింది.

"జగ్గులు కంటే ముందు నాకిద్దరు," అంది దాలమ్మ. జగన్నాధం పేరు జగ్గులుగా ఆమె నోటే వినాలి. "ఒకడికి నాలుగేల్లు. ఎనకాల పుట్టిన గుంట, అప్పుడప్పుడే నడస్తన్నాది. ఒకే వారంలో. నీల్లమ్మా, నీల్లమ్మా అని ఏడిసేవోరు. నానే పోసేను. ఈ సేత్తోనే, గలాసు మీద గలాసు. ఎంతడిగితే అంత పోసేను. అమ్మోరు తీసుకెల్లిందన్నారు. సర్లే, ఆ తల్లి బిడ్డలే కదా, తీసుకెల్లింది అనుకున్నాను. అలా అనుకునే బతికేను. ఇయాల నువ్వొచ్చి నీల్లంటన్నావు."

ఆమె కుడిచెయ్యి ఒడిలో వెల్లకిలా పడి ఉంది. అది తనది కాదన్నట్టు చూస్తోంది దానివైపు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారని చిన్నతల్లికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఎన్ని తీర్మానాలు జరిగినా అరుగు మీద, నీళ్ళు పోసిన పాపం మాత్రం గడపలోపలే మిగులుతుంది. ఇంకో ముప్ఫయ్యేళ్ళకి ఇదే గడప మీద, ఇలాగే చెయ్యి వెల్లకిలా పెట్టుకుని తను కూర్చునుండడం కళ్ళకు కట్టింది. అమ్మవారి కోపం కంటే, మొగుడి కోపం కంటే అది పెద్దగా కనపడింది.

"నీకప్పుడు తెలీదత్తా," అంది. "నాకు తెలిసిపోయింది. తెలిసి ఎలా పొయ్యను?"

కాసేపటికి దాలమ్మ ఒక కాలు ముడుచుకుంది. ఇంకాసేపటికి రెండోది.

పెద్ద నూతి దగ్గర ఎండ చిటచిటలాడుతోంది. బస్తా నడుమున పెట్టుకుని, రెండు బాల్చీలతో వస్తున్న సర్పంచి పెళ్ళాన్ని చూసి ఆడవాళ్ళు చేద ఆపేశారు. చిన్నతల్లి ఎవరి మొహమూ చూడలేదు. చూస్తే కాళ్ళు వెనక్కి తిరుగుతాయని తెలుసు. ఒక బాల్చీలో మందు వేసి కర్రతో కలిపింది. ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి.

"ఓలమ్మ, రాట పడ్డాదే!" అంది జగ్గమ్మ. ఊళ్ళో ఘటం ఎత్తే ముసలమ్మ ఆమె. "తల్లి నోట్లో ఇసం పోస్తన్నావేటే? నీ కడుపున పుట్టిన గుంట ఒకర్తి ఉన్నాదని మరిసిపోనావా?"

మర్చిపోలేదు. ఆ ఒక్కమాటే తెల్లవారిన దగ్గర్నుంచీ ఆమె తలలో తిరుగుతోంది. తల్లీ, తప్పయితే నన్ను తీసుకో, పైడి జోలికి పోకు, అని లోపల లోపల దండం పెట్టుకుంటూనే ఉంది. అమ్మవారు లేదని ఆమె అనుకోలేదు. ఉంది కాబట్టే ఇంత వణుకు.

"ఇన్నాల్లూ ఈ నూతిలో మందు లేదప్పా," అంది గట్టిగా. "గట్టుకి పూసేరంతే. నాకు తెలుసు. రాములమ్మకి సెప్పలేదు. మీకూ సెప్పలేదు."

ఒకామె చంకనున్న నిండు బిందె వైపు చూసుకుంది. నెమ్మదిగా దింపి, నేలమీద ఒంపేసింది. చిన్నతల్లి తేరిన నీళ్ళని రెండో బాల్చీలోకి వంచింది. తాడు కట్టి నూతిలోకి దించి, పైకీ కిందికీ లాగుతూ, అడుగుదాకా వదులుతూ, అరచేతులు మండేదాకా కలియబెట్టింది. తర్వాత ఎవరూ చేద వెయ్యకుండా గట్టెక్కి కూర్చుంది.

గంగులు వెళ్ళి చెప్పినట్టున్నాడు. నూకయ్య ఇంటివైపు నుంచి జగన్నాధం వస్తున్నాడు. వెనక పదిమంది మగాళ్ళు. అతను పరుగెత్తడం లేదు. దగ్గరికొచ్చి, అందరికీ వినపడకుండా పళ్ళ మధ్య నుంచి అన్నాడు:

"దిగు. ఇంటికి పద."

ఆమె దిగలేదు.

"రేపు ఎవులింట పీనుగు లేసినా నీ పేరే సెప్తారు, తెలుసా? నీ పేరే!"

తెలుసు. నిన్నటి నీళ్ళు తాగినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. రేపు ఎవరో ఒకరి ఇంట ఏడుపు వినపడుతుంది. ఈ మందు దాన్ని ఆపలేదు. ఆ ఏడుపు తన గుమ్మం ముందుకే వస్తుంది. ఆమె తాడుని అరచేతికి ఇంకోచుట్టు చుట్టుకుంది.

"సెప్పనీ బావా," అంది చిన్నతల్లి. "సస్తే నా పేరు సెప్తారు. బతికితే ఎవుల పేరూ సెప్పరు. నాకదే సాలు."