పన్నెండో మంచం మీద ఇద్దరు

బెల్లం వాసన.

రెండువేల నాలుగు, మాఘమాసం. అనకాపల్లి చుట్టూ ఊళ్లలో చెరుకు రసం కాగుతోంది. ఆ తీపి గాలి మా వార్డు కిటికీల్లోంచి వస్తుంది. ఫినాయిల్ మీదుగా నడిచి పన్నెండో మంచం దాకా వెళ్తుంది.

అక్కడ ఇంకో తీపి ఉంది. అది బెల్లం కాదు.

దేముడనే కూలీ నడుము మీద, ఎముక ఒరుసుకునే చోట — పడక పుండు.

చెరుకు లోడు మీంచి పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద ఏమీ తెలియదు. మొదట్లో పుండు ఉసిరికాయంత. తర్వాత నిమ్మకాయంత. ఇప్పుడు నా పిడికిలి పడుతుంది.

నేను స్వర్ణకుమారిని. ఈ ఆస్పత్రిలో నర్సుగా పదహారేళ్లు. నా నోరు మంచిది కాదని వార్డంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. రెండు గంటలకోసారి పక్క మార్చాలి — మారుస్తున్నాం. తడి తగలకూడదు — తుడుస్తున్నాం. నీళ్ల పరుపు వేశాం. రోజూ కట్టు మారుస్తున్నాను. మధ్యాహ్నం భోజనంలో గుడ్డు ఇస్తున్నాం.

మరి ఎందుకు మానదు?

ఎడమ పక్కకి తిప్పితే దేముడు గుసగుసలాడతాడు.

"నా ఎనకాల ఎవురో తొంగున్నారమ్మా."

కుడి పక్కకి తిప్పితే...

"ఇటేపూ వచ్చేడమ్మా."

"నీ వెనకాల ఎవరూ లేరు. జ్వరం నీకు. కళ్లు మూసుకో."

"నమల్తన్నాడమ్మా. ఇనబడతంది."

వంగి అతని వెనక చూశాను. పైకి మాత్రం కసిరాను.

నిన్న కట్టు విప్పాను. అంతకు ముందు రోజు మూడు గాజ్ గుడ్డ ముక్కలు లోపల పెట్టాను. రెండే వచ్చాయి.

వెతికాను. మూడోది అడుగున ఉంది, తెల్లటి ఎముకకి అతుక్కుని.

ఎవరూ లాక్కోలేదు. అవును... ఎవరూ లాక్కోలేదు.

దేముడి భార్య అప్పలకొండమ్మ మంచం వదలదు. అలాంటి మనిషిని నేను చూడలేదు. రోజూ ప్లేటు పక్కన గుడ్డు పెంకులు చూపిస్తుంది.

"తినిపించేను సిస్టరమ్మా."

పెంకులు చూసి కాగితం మీద టిక్కు పెడతాను. బుద్ధిలేనిదాన్ని, పెంకులే చూశాను. దేముడి మొలతాడు వదులైపోతుంటే చూడలేదు.

ఈ రోజు ట్రే పట్టుకుని ముందే వచ్చాను.

కిటికీ చువ్వల అవతల కాకులు. బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ అరవడం లేదు.

అప్పలకొండమ్మ వలిచిన గుడ్డు తుంపి వాటికి విసురుతోంది.

"ఏటే అది!"

ఉలిక్కిపడింది. చేతిలో సగం గుడ్డు మిగిలింది.

"గుడ్డు తింటే పుండు సీం పడతాదమ్మా. పప్పు కూడా ఎట్టలేదు. నీసెట్టలేదు. నలబై రోజులు పత్తెం... ఒక్క పూట తప్పలేదు."

గర్వంగా చెప్పింది. అదే నాకు ఏడుపు తెప్పించింది. నలభై రోజులుగా ఆ మనిషికి చారూ అన్నమే.

"ఆ గుంట పూడాలంటే కండ కావాలే తల్లీ! నువ్వెట్టకపోతే ఎక్కణ్ణుంచి వత్తాది? ఆయన ఒంట్లోంచే తీసుకుంటాది!"

అప్పలకొండమ్మ భర్త చేతుల్ని చూసింది. మెడ ఎముకల్ని చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే... ఆ నమిలీది..."

మాట పూర్తి చేయకుండా చేత్తో అతని నడుము కట్టు తడిమింది.

మిగిలిన సగం దేముడి నోట్లో పెట్టింది. అతను మింగాడు. కళ్లు మూసుకుని వెనక్కి చెవి ఒగ్గాడు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగిపోయింది.

"ఆపేడు," అన్నాడు.

"ఏటి సేత్తన్నాడు?" అప్పలకొండమ్మ వంగి అడిగింది.

"ఇంటన్నాడు. ఇంకోటి ఎడతావో నేదో అని."

ఆమె చెయ్యి నా వైపు చాచింది. ఆ అరచేతిలో ఇంకా పచ్చసొన పొడి అంటుకుని ఉంది.

నా ట్రేలో కత్తెర ఉంది. మందు సీసా ఉంది. గాజ్ ఉంది.

మనిషికి రోజుకి ఒక్కటే గుడ్డు. పదహారేళ్లుగా నేనే పంచుతున్నాను. ఇవాళ్టివి అయిపోయాయి.

"రేపు వత్తాదిలే," అన్నాను. అనేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

దేముడు కళ్లు తెరిచాడు.

"రేపా... మల్లీ మొదలెట్టేడమ్మా."