శుభ్రం చేసిన పప్పు

పళ్ళెంలో పప్పు పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, "శుభ్రం చేసి ప్యాకెట్లో పెట్టిందే కదా, ఇంకా ఏం ఏరతావే?" అన్నారు మా ఆయన. పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఇవాళ ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా అదే మాట. ఆయన పంటికింద ఎప్పుడూ రాయి తగల్లేదు. అది ప్యాకెట్ గొప్పతనమే అని ఆయన నమ్మకం.

ఇంట్లో నా పేరు గాభరా. అమ్మాయి కాలేజీ నుంచి కాస్త ఆలస్యమైతే బస్సు బోల్తా పడినట్టు నాకు కళ్ళకి కట్టేస్తుంది. "అదిగో, గాభరా ఏడుపుకి రెడీ" అని తండ్రీకూతుళ్ళు నవ్వుతారు. నా ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ ఉందన్నప్పుడు మాత్రం ఏ గాభరా రాలేదు. విని, ఇంటికొచ్చి, గిన్నెలు తోమాను. "సిగరెట్లు తాగే నా కొడుకు రాయిలా ఉన్నాడు, నీడపట్టున ఉండే దీనికేం వచ్చిందట?" అంది మా అత్తగారు. ఆ పొగంతా ఎవరు పీల్చారో నేను అడగలేదు. ఆవిడ పక్కమీద దుప్పటి మార్చే వేళైంది, మార్చాను.

ఇవాళ పొద్దున ఆస్పత్రిలో, నాకు ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ చెప్పింది. "గడ్డ చిన్నదే, తొందరగానే దొరికింది. చుట్టుపక్కల లింఫు గ్రంథులు స్కాన్‌లో శుభ్రంగానే కనబడుతున్నాయి."

మా ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"కూర్చోండి. కనబడటం వేరు. గడ్డ గట్టిదనం, రక్తపరీక్ష, అన్నీ కలిపి అంచనా వేశాం. గ్రంథుల్లోకి అప్పుడే కాస్త పాకి ఉండచ్చని అనుమానం. పాకకపోనూవచ్చు. గడ్డ ఉన్న చిన్న ముక్క తీసి ఊరుకుంటే తొందరగా కోలుకుంటారు. ఆ భాగం మొత్తం, గ్రంథులతో సహా తీసి పరీక్ష చేస్తే ఇంకా చాలా రోజులు పడుతుంది. కానీ దాక్కున్నది ఏదైనా ఉంటే బయటపడుతుంది."

"చిన్నదే చేసేయండి మేడమ్. మా అమ్మ మంచం మీద ఉంది, పిల్లకి పరీక్షలు. అసలే ఈవిడకి భయమెక్కువ, లేనిపోనివి చెప్పకండి."

"లేనిపోనివి ముందే ఊహించడం నా పనండీ" అంది ఆవిడ. నావైపు తిరిగింది. "మీరేమంటారమ్మా?"

ఆ పని నేను ఇన్నేళ్ళుగా ఇంట్లో ఊరికే చేస్తున్నాను. ఆవిడ చేస్తే దానికొక గది ఉంది, తలుపు మీద పేరుంది. నేను చేస్తే గాభరా. నాకు ఏడుపు రాలేదు, ధైర్యమూ రాలేదు. పైకి శుభ్రంగా కనబడినదాన్ని నేనెప్పుడు నమ్మాను గనక?

"అన్నీ తీసి చూడండి" అన్నాను.

ఇంటికి రాగానే పప్పు పళ్ళెం ముందేసుకున్నాను. ఇప్పుడు పప్పు గురించి అడిగి, వెంటనే అసలు సంగతికొచ్చారు. "అన్ని రోజులు ఇంట్లో పని ఎవరు చేస్తారు?"

సగం ఏరిన పళ్ళెం ఆయన ముందుకి జరిపాను. "ఇవాళే మొదలుపెట్టండి. కుక్కర్ అదిగో."

ఆయన విసురుగా లేచి పళ్ళెం అలాగే కుక్కర్లోకి వంచేశారు. అంచు మీంచి నల్లటి రాయి ఒకటి లోపలికి దొర్లిపోవడం నేను చూశాను. నోటిదాకా వచ్చిన కేక మింగేశాను.

భోజనాల వేళ అత్తగారికీ, అమ్మాయికీ పప్పు వేలితో నలిపి చూసి వడ్డించాను. ఆయన కంచంలోది చూడలేదు.