పాత దెయ్యం తీర్పు

ముప్పయ్యేళ్ల కిందట అరకులో తీసిన ‘లోయ కేక’ సినిమాలో దెయ్యం ఎవరయ్యా అంటే, డుంబ్రిగుడ దగ్గర వలిసెలు పండించుకునే మన రత్నాలే. ఆ సినిమాకి ఊళ్లకు ఊళ్లే జడుసుకున్నాయి. ఇప్పటికీ దాని పిచ్చోళ్లు కార్లేసుకొచ్చి, ఆమె పక్కన నిలబడి ఫొటోలు దిగి పోతుంటారు. సొంతూళ్లో మాత్రం ఒక్కడంటే ఒక్కడు భయపడలేదు. తెర మీద ఆమె జుట్టు విరబోసుకుని వస్తుంటే, “ఒదినా, కూడొండేసినావేటి?” అని నవ్వారట.

ఇప్పుడు ఆ దెయ్యం దెయ్యం కాకముందు కథ తీశారు. బతికున్న పిల్లగా వేసింది రత్నాలు మనవరాలు సోని. విడుదలకు ముందు ఊరికి చూపిస్తానని డైరెక్టరు బడి గోడకు తెర కట్టించాడు. ఎవరేమన్నా సోనికి లెక్కలేదు, మామ్మ బాగుందనాలి, అంతే. మామ్మేమో మొహమాటానికి మెచ్చుకునే మనిషా? కూరలో ఉప్పు తగ్గితే పాస్టరు గారింట్లోనే చెప్పేసే రకం!

బొమ్మ మొదలైంది. సోని కనపడగానే వెనక నుంచి ఊరి కుర్రాడు పైడయ్య ఈలేశాడు. “గుంట పౌడరు మెత్తేసిందిరోయ్!” జనం గొల్లుమన్నారు. భయపడాల్సిన చోటల్లా అదే వరస. డైరెక్టరు పక్కన కూర్చున్న సోనికి తల కొట్టేసినట్టయింది. ముందు వరసలో మామ్మ నవ్వడమూ లేదు, కదలడమూ లేదు. నచ్చలేదు కాబోలనుకుని సోని కళ్లలో నీళ్లు తిరిగాయి.

తెర మీద పిల్ల కట్టెల మోపుతో లోయ దారి పట్టింది. పిల్ల చచ్చి దెయ్యమయ్యేది అక్కడేనని పాత సినిమా చూసినవాళ్లందరికీ తెలుసు.

రత్నాలు దిగ్గున లేచింది. “ఒలే గుంటా, అటెల్లకే! ఎనక్కి రాయే!” అని తెరకేసి అరిచింది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె గబగబా వచ్చి సోని రెక్క పట్టుకుని లేపింది. “పద, ఇంటికి.”

“మామ్మా, ఇంకా సగముంది!”

డైరెక్టరు వెంటపడ్డాడు. “చివరిదాకా చూడకపోతే ఎలాగమ్మా? బాగుందో లేదో చెప్పండి.”

“ఏటి బాబూ సూసేది? నా సినిమాలో దెయ్యమొత్తే జనం పారిపోనారు. ఇందులో గుంట సచ్చిపోద్దని అందరికీ తెలుసు, దానికొక్కదానికే తెలీదు. కూకుని ఎలా సూడమంటావు? బాగా తీసినావు. అందుకే ఎల్లిపోతన్నాను.”

ఇల్లు చేరేదాకా ఆమె పట్టు సడలలేదు. రెక్క నొప్పి పుడుతున్నా సోని వదిలించుకోలేదు.